నలుగురి భయం



పోయిన నెలలో నా పూర్వవిద్యార్థి ఒకడు మా ఇంటికి వచ్చాడు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. తెచ్చిన పండ్లు బల్లమీద పెట్టి, కుశలప్రశ్నలన్నీ అయిన తరువాత, వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి ఒక మాట అడిగాడు.

"అయ్యవారూ, ఇంట్లో అయితే అన్నానికి ముందు కళ్ళు మూసుకొని ప్రార్థన చేసుకుంటాను. ఆఫీసు క్యాంటీనులో మాత్రం చేయలేను. పక్కవాళ్ళు చూస్తారని భయం. ఫోను చూస్తున్నట్టు తల వంచి, లోపల్లోపల రెండు మాటలు అనుకొని తినేస్తాను. దేవుణ్ణి నమ్మినవాడికి మనుషులంటే భయం ఉండకూడదని గుడిలో చెబుతారు గదా. మరి నాకు విశ్వాసం లేనట్టేనా?"

ముప్ఫై నాలుగేళ్ళు తెలుగు పండితుడిగా పనిచేసినవాణ్ణి. సంధి గురించో సమాసం గురించో సందేహం అడిగితే నిలుచున్నచోటనే తీర్చి పంపడం నాకు అలవాటు. ఈ సందేహానికి మాత్రం నోరు పెగలలేదు. "ఈసారి వచ్చినప్పుడు తీరికగా మాట్లాడుకుందాం నాయనా" అని సాగనంపాను. నిజం చెప్పాలంటే, అతడు అడిగింది నలభైయేళ్ళుగా నన్ను నేను అడుగుతూ వచ్చిన ప్రశ్నే. నాకు తోచిన సమాధానం ఇక్కడ వ్రాసి పెడుతున్నాను. చదివే మిత్రులలో నా విశ్వాసం వారు కానివారే ఎక్కువని ఎరుగుదును. ఎవరినీ నా దారికి పిలవడం కోసం వ్రాయడం లేదు. ఈ భయం మాత్రం అన్ని మతాలవారికీ ఉమ్మడి ఆస్తి కనుక, నా అనుభవం మీకూ ఎక్కడో ఒకచోట పనికివస్తుందని ఆశ.

మన భాషలో ఈ భయానికి ఒక చక్కని పేరున్నది. "నలుగురు ఏమనుకుంటారో!" ఎవరా నలుగురు? ఎవరూ వాళ్ళను చూచి ఎరుగరు. పేర్లు లేవు, ఊళ్ళు లేవు. అయినా పెళ్ళి చేసినా ఇల్లు కట్టినా, పిల్లవాణ్ణి ఏ చదువులో చేర్చాలన్నా ఆ నలుగురి అనుమతి కావాలి. "నలుగురితో నారాయణ, గుంపులో గోవింద" అన్న సామెత మనకు ఊరకే పుట్టలేదు. జనాపవాదభీతి ఎంతటిదో చెప్పడానికి భవభూతి ఒక నాటకాన్ని, తిక్కన ఒక కావ్యాన్ని వెచ్చించవలసి వచ్చింది. అంతటివారిని తాకిన భీతి మనబోటివారిని తాకదా?

అలంకారశాస్త్రం చదువుకున్నవాణ్ణి కనుక ఇంకొక మాట. పులిని చూస్తే కలిగే భయం వేరు, పక్కింటివాడిని చూస్తే కలిగే భయం వేరు. మొదటిది స్థాయిభావం, భయానకరసానికి మూలం. రెండవది అంత సూటి అయినది కాదు. ముప్ఫై మూడు వ్యభిచారిభావాలలో శంక ఉన్నది, వ్రీడ ఉన్నది, అవహిత్థ అనేది ఒకటున్నది. లోపలి భావం ముఖంలో కనబడకుండా కప్పిపుచ్చుకోవడమే అవహిత్థ. తోటి మనిషిని చూచి కలిగే భయం చివరకు పుట్టించేది ఈ అవహిత్థనే. పులి ఎదురైతే పారిపోతాం. మనిషి ఎదురైతే అక్కడే నిలుచుంటాం, నవ్వుతాం, కాఫీ తాగుతాం, మన లోపలి మనిషిని మాత్రం దాచేస్తాం. క్యాంటీనులో నా శిష్యుడు చూస్తున్నట్టు నటించే ఆ ఫోను కూడా అవహిత్థకు ఉదాహరణే.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. చెప్పడానికి నాకు ఇష్టం లేదు, కాని చెప్పకపోతే ఈ వ్యాసం వ్రాసే అర్హత నాకు ఉండదు.

అవి నేను ప్రాచ్యకళాశాలలో భాషాప్రవీణ చదువుతున్న రోజులు. 1980వ సంవత్సరం. మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె, పల్లెలో కూడా ఊరికి ఎడంగా ఉండే పేట. మా నాయన అక్కడి చిన్న గుడిలో ఉపదేశి. మనుచరిత్రలో పద్యానికి అన్వయం చెప్పమంటే మా తరగతిలో నా తరువాతనే ఎవరైనా. ఆ పేరు నిలుపుకోవడానికి ఎంత పాటుపడ్డానో నాకే తెలుసు. మా పేట యాస నాలుకమీద నుండి పోవాలని రాత్రిపూట హాస్టలు మేడమీద ఒంటరిగా గ్రాంథికం బిగ్గరగా చదివేవాణ్ణి. నా క్రైస్తవనామాన్ని ఒక పొడి అక్షరంలో ముడిచి పెట్టాను. కాలేజీ రికార్డులో నా మతం, కులం ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. నేను దాచింది కాగితం మీద కాదు, నోటితో.

ఒకరోజు సాయంత్రం వసారాలో మా అధ్యాపకులు ఒకరు, నలుగురైదుగురు సహాధ్యాయులు కూర్చుని ఉన్నాం. ఏదో సమస్యాపూరణం నడుస్తున్నది. గేటు దగ్గర మా నాయన కనబడ్డాడు. మాసిన తెల్లపంచె, చేతిలో గొడుగు, చంకలో బైబిలు సంచి, మరో చేతిలో గుడ్డమూట. నేరుగా మా దగ్గరికే వచ్చి నిలుచున్నాడు. "ఎవరోయ్ ఆయన?" అన్నారు అధ్యాపకులు. ఆ అడగడంలో చెడ్డ ఉద్దేశమేమీ లేదు. నేను మాత్రం, "మా ఊరివారండీ" అన్నాను.

మా నాయన విన్నాడు. ఒక్క క్షణం నావంక చూశాడు. తరువాత అధ్యాపకులకు చేతులు జోడించి నమస్కారం చేసి, మూట నా చేతికిచ్చి, "మీ అమ్మగారు ఇచ్చి రమ్మన్నారండీ, వేరుసెనగ ఉండలు" అని వెనుదిరిగి వెళ్ళిపోయాడు.

గమనించారా? కొడుకును "అండీ" అన్నాడు. తన భార్యను "మీ అమ్మగారు" అన్నాడు. నా అబద్ధం నలుగురిలో బయటపడకుండా తానే దానికి కాపలా కాశాడు. వ్యాకరణంలో గౌరవార్థక బహువచనం గురించి ఎన్నోమార్లు పాఠం చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఆ "అండీ" నా చెవిలో మోగేది.

అప్పట్లో నా పెట్టెలో జాషువగారి గబ్బిలం ఉండేది. అదే నన్ను మరింత సిగ్గుపరచింది. 1895లో వినుకొండలో పుట్టిన ఆయన 1928లో ఉభయభాషాప్రవీణ అయ్యారు. అంటరానివాడని సభల్లో అవమానింపబడ్డారు. అయినా బైబిలులోని ఆ పేరునే పద్యకావ్యాల అట్టలమీద నిండుగా వేసుకున్నారు. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారంతటివారు ఆయన కాలికి గండపెండేరం తొడిగారు. క్రీస్తు చరిత్రకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఆయన ఛందస్సు నేర్చుకొని నలుగురి ఎదుటికి వచ్చారు. నేను అదే ఛందస్సు నేర్చుకొని దాని వెనుక దాగుకున్నాను. విద్య ఒక్కటే మనిషికి ధైర్యమిస్తుందనే మాట మీద నాకు ఆనాడే నమ్మకం పోయింది.

నాకంటె ముందు ఈ దారిన నడిచినవాడు పేతురు. కథ తెలియని మిత్రుల కోసం క్లుప్తంగా చెబుతాను. యేసును రాత్రివేళ బంధించి ప్రధానయాజకుని ఇంటికి తీసుకుపోయారు. శిష్యులలో ముఖ్యుడైన పేతురు దూరంగా వెంబడించి, ఆ ఇంటి ముంగిట నిప్పులు పోసుకొని చలి కాచుకుంటున్నవారి మధ్య నిలుచున్నాడు. నీవు అతనితో ఉన్నవాడివి కదా అని మొదట అడిగినది సైనికుడు కాదు, అధికారి కాదు, ఒక పనిపిల్ల. ఆమె ఆ మాట అనగానే, చావడానికైనా సిద్ధమని కొన్ని గంటల ముందే ప్రతిజ్ఞ చేసినవాడు, ఆయనెవరో ఎరుగనన్నాడు. మూడుమార్లు అన్నాడు.

మత్తయి సువార్తలో ఇక్కడొక చిన్న వివరం ఉన్నది. చుట్టూ ఉన్నవారు అతణ్ణి గుర్తుపట్టింది ముఖం చూచి కాదు, మాట విని. అతనిది గలిలయ యాస. నీ పలుకే నిన్ను పట్టిస్తున్నదన్నారు. బోధకులు ఈ వివరాన్ని చాలాసార్లు దాటిపోతారు. హాస్టలు మేడమీద రాత్రిళ్ళు యాస మార్చుకున్నవాణ్ణి, నేను దాటిపోలేను.

యోహాను సువార్త ఈ కథను అక్కడితో విడిచిపెట్టలేదు. పునరుత్థానం తరువాత తిబెరియ సముద్రతీరాన శిష్యులు రాత్రంతా వల వేసి అలసి ఒడ్డుకు వస్తే, అక్కడ నిప్పులు, వాటిమీద చేపలు, పక్కన రొట్టె సిద్ధంగా ఉన్నాయి. బొగ్గుల నిప్పులను చెప్పే గ్రీకుమాట ఒకటున్నది. కొత్త నిబంధన మొత్తంలో అది రెండే చోట్ల వస్తుంది. ఒకటి పేతురు అబద్ధమాడిన ముంగిట్లో, రెండవది ఈ సముద్రతీరాన. పేతురుకు ఆ నిప్పులను చూడగానే ఏమి గుర్తుకు వచ్చి ఉంటుందో వేరే చెప్పనక్కర లేదు. యేసు మాత్రం సంజాయిషీ అడగలేదు. ముందు తినమన్నాడు. తిన్న తరువాత మూడుమార్లు నన్ను ప్రేమిస్తున్నావా అని అడిగి, మూడుమార్లూ తన మందను అతని చేతిలో పెట్టాడు.

ఆ ఏడాది క్రిస్మసు సెలవులకు నేను ఇంటికి వెళ్ళాను. నాయన ఏమంటాడోనని దారిపొడుగునా గుండె దడ. ఏమీ అనలేదు. రాత్రి అందరం పీటలమీద కూర్చున్నాం. అమ్మ వడ్డించింది. మా ఇంట్లో అన్నానికి ముందు ప్రార్థన చేసేది ఎప్పుడూ నాయనే. ఆ రాత్రి నావైపు తిరిగి, "ఈపొద్దు నువ్వు చెయ్యి అబ్బాయ్" అన్నాడు. నాకు మాట రాలేదు. ఎంతసేపు కాచుకున్నారో తెలియదు, అన్నం చల్లారిపోయింది. చివరకు ఏదో రెండు ముక్కలన్నాను. "ఆమేన్" అని నాయన కంచంలో చెయ్యి పెట్టాడు. ఆ సాయంత్రం గురించి ఆయన చనిపోయేదాకా మేమిద్దరం ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు.

మనుషుల భయాన్ని విశ్వాసం ఎలా జయిస్తుందని అడిగితే, నాకు తెలిసిన మొదటి సంగతి ఇదే. గద్దింపులు విని ఎవడూ ధైర్యవంతుడు కాలేదు. భయానికి మూలం మన నిజస్వరూపం తెలిస్తే నలుగురూ తోసివేస్తారన్న అనుమానం. మన పిరికితనం పూర్తిగా తెలిసిన ఒకరు మనలను తోసివేయకుండా పక్కన కూర్చోబెట్టుకొని అన్నం పెడితే, ఆ అనుమానానికి వేరు తెగుతుంది. అపొస్తలుల కార్యములలో అదే పేతురు పెద్దల సభ ఎదుట నిలబడి మాట్లాడినప్పుడు అతనిలో కనబడిన గుణానికి మన తెలుగు బైబిలులో "ధైర్యము" అని వ్రాశారు. దాని గ్రీకుమూలం "పర్రేసియా". దాచుకోకుండా అంతా చెప్పడం అని దాని వ్యుత్పత్తి. అవహిత్థకు సరిగ్గా విరుగుడు. ధైర్యమంటే గుండె దడ ఆగిపోవడం కాదు, దాచడం మానివేయడం.

రెండవ సంగతి నా పూర్వుల నుండి నేర్చుకున్నాను. మా తాతగారి తాతగారు 1878 జూలై 3న గుండ్లకమ్మలో మునిగి లేచినవారిలో ఒకరని మా ఇంట్లో చెప్పుకుంటారు. ఆనాడు ఒంగోలు దగ్గర వెల్లంపల్లి వద్ద 2,222 మంది బాప్తిస్మం పొందారు. అందరినీ నీటిలో ముంచి లేపినవారు తెలుగు బోధకులే. అంతకుముందు 1876-78 నాటి మహాకరువులో, జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్తిస్టు మిషనరీ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం గుత్తకు తీసుకొని వేలమందికి పని చూపించాడు. కూటికోసం మతం మారారనే మాట రాకూడదని, కరువుసాయం నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపివేశాడు.

ఈ ఉద్యమం మొదటి రోజుల్లోనే క్లౌకు కూడా నలుగురి భయం ఎదురైంది. మాదిగలను చేర్చుకుంటే మేము రామని ఒంగోలులోని పైకులాలవారు తేల్చిచెప్పారు. ఏం చేయాలో తోచక భార్యాభర్తలిద్దరూ ఒకరికొకరు తెలియకుండా బైబిలు తెరిస్తే, ఇద్దరికీ లోకం తక్కువగా చూచేవారినే దేవుడు ఏర్పరచుకుంటాడని చెప్పే కొరింథీ పత్రికలోని భాగమే కనబడిందని క్లౌ తన జీవితకథలో చెప్పుకున్నాడు. ఆయన ఎంచుకున్న పక్షం ఏదో చరిత్రకు తెలుసు.

అయితే ఆ దొర ఓడ ఎక్కి వెళ్ళిపోగలడు. పల్లెల్లో మిగిలిన మావాళ్ళ సంగతి వేరు. ఎర్రగుంట్ల పేరయ్య వంటివారి వెంట నడిచినవారు చచ్చిన పశువుల మాంసం మానేశారు, జాతరలో డప్పు కొట్టమన్నారు, ఆదివారం పనికి రామన్నారు. వెంటనే ఊరు బావి మూసుకుంది, అంగట్లో దినుసు దొరకలేదు, ఊళ్ళో కాలుపెట్టే దారి లేకపోయింది. వాళ్ళ భయం నా భయంలాంటిది కాదు. నాకు పోయేది పరువు, వాళ్ళకు పోయేది కూడు. అయినా ఎలా నిలబడ్డారు? నాకు తోచేది ఇది. ఒక్కొక్కరుగా నిలబడలేదు, గుంపుగా నిలబడ్డారు. నలుగురి భయాన్ని ఎదిరించడానికి వాళ్ళకు వేరే నలుగురు దొరికారు. విశ్వాసం ఒంటరి గుండెలో మండే దీపమని మనం కవిత్వం చెబుతాం గాని, గాలివీచే చోట దీపానికి చుట్టూ నాలుగు చేతులు అడ్డం కావాలి.

ఇక మూడవ సంగతి, అన్నిటికంటె చేదైనది. పేతురు మళ్ళీ భయపడ్డాడు.

ఇది గలతీయులకు పౌలు వ్రాసిన పత్రికలో ఉన్నది. సముద్రతీరంలో క్షమాపణ పొందాడు, పెద్దల సభలో నిర్భయంగా మాట్లాడాడు, కైసరయలో కొర్నేలి అనే అన్యజనుల అధికారి ఇంట కాలుపెట్టి దేవునికి పక్షపాతం లేదని చాటాడు. అటువంటి పేతురు అంతియొకయ పట్టణంలో అన్యులతో కలిసి ఒకే పంక్తిలో భోంచేస్తూ ఉన్నాడు. యెరూషలేములోని యాకోబు దగ్గరనుండి కొందరు వచ్చారు. వాళ్ళు ఏమనుకుంటారోనని పేతురు మెల్లగా ఆ పంక్తినుండి లేచిపోయాడు. అతణ్ణి చూచి తక్కిన యూదులూ లేచారు, బర్నబా అంతటివాడు కూడా లేచాడు. పౌలు అందరి ఎదుట పేతురును నిలదీశాడు.

పరిశీలించండి. పేతురు ఈసారి భయపడింది శత్రువులకు కాదు, తనవారికి. సిలువ వేయగల అధికారుల ముందు నిలిచినవాడు, తన సంఘంవాళ్ళ కనుబొమ్మ ముడిపడుతుందేమోనని అన్నం దగ్గరనుండి లేచాడు. పరులభయం కంటె తనవారి భయం బలమైనది. అది బయటపడేది కూడా యుద్ధభూమిలో కాదు, పంక్తిలో. పంక్తిభేదమనే మాట పుట్టిన దేశంలో ఉన్న మనకు దీనికి వేరే వ్యాఖ్యానం కావాలా?

నా అంతియొకయ 2003లో వచ్చింది. సుప్రీంకోర్టు 2001 నవంబరులో ఇచ్చిన ఆదేశం ప్రకారం మన రాష్ట్రంలో 2003 జనవరి నుండి ప్రాథమిక తరగతుల పిల్లలకు బడిలోనే వండి అన్నం పెట్టడం మొదలైంది. నేను అప్పుడొక ప్రాథమికోన్నత పాఠశాలలో పండితుణ్ణి. వంటకు కుదిరిన ఆమె దళితవాడ మనిషి. మొదటివారం ఎవరూ నోరెత్తి ఏమీ అనలేదు. కొందరు పిల్లలు ఇంటినుండి క్యారేజీలు తేవడం మొదలుపెట్టారు. మరికొందరు మధ్యాహ్నం ఇంటికి పరుగెత్తి తిని వచ్చేవారు. వంటామె మిగిలిన అన్నాన్ని చూచి ఏమీ అనక గిన్నెలు కడుక్కునేది.

నేనేమి చేశానంటారా? నేనూ క్యారేజీ తెచ్చుకున్నాను. పంక్తిలో కూర్చుంటే "తనవాళ్ళ తరఫున లేచాడు" అంటారని భయం. అప్పటికి నా మతమేమిటో ఊరందరికీ తెలుసు, దాచేదేమీ లేదు. దాచవలసినది లేకపోయినా భయం మాత్రం ఇంకొక వేషంలో వచ్చి కూర్చున్నది. గౌరవనీయుడైన, ఎవరి పక్షానా చేరని పండితుడనే వేషం అది.

ఒకరోజు అయిదో తరగతి పిల్ల ఒకతె, ఆ వంటామె కూతురే, నా క్యారేజీవంక చూచి, "సార్, మా అమ్మ బాగా వండదా?" అని అడిగింది. అందులో నిష్ఠూరం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. పేతురును మొదట అడిగింది కూడా ఒక పనిపిల్లే.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మరునాడు క్యారేజీ లేకుండా బడికి వెళ్ళాను. మధ్యాహ్నం ఒక కంచం తీసుకొని పిల్లల వరుసలో నేలమీద కూర్చున్నాను. చేయి వణికిన మాట నిజం. సాంబారు నీళ్ళగా ఉన్నది, ఉప్పు సరిపోయింది. మూడోరోజుకు సహోపాధ్యాయుడొకరు వచ్చి పక్కన కూర్చున్నారు. వారం తిరిగేసరికి ఊరి పెద్దమనిషి ఒకరు దారిలో ఆపి, "అయ్యవారూ, మీకెందుకండీ ఇవన్నీ? మీరంటే మాకందరికీ గౌరవం గదా" అన్నారు. "అయ్యా, మా నాయన ఉపదేశి. మాదీ ఆ పేటే. ఆ అన్నం నాకు పరాయిది కాదు" అన్నాను. ఇరవై మూడేళ్ళ క్రితం వసారాలో చెప్పవలసిన మాట, ఆ వీధిలో చెప్పాను. వినవలసిన నాయన అప్పటికి లేడు.

ఆ తరువాత అంతా చక్కబడిందని చెబితే అది కట్టుకథ అవుతుంది. కొందరు పిల్లలు వరుసలోకి వచ్చారు. కొందరు నేను బదిలీ అయ్యేవరకు రానేలేదు. నాకు దక్కవలసిన ఒకటిరెండు శాలువాలు దక్కలేదు. వాటివల్ల నాకు చలి ఏమీ పెరగలేదు.

ఇక నా అభిప్రాయం దాచకుండా చెబుతాను. ఈనాడు మా గుడుల్లో ధైర్యం పేరుతో చలామణీ అవుతున్నదంతా ధైర్యం కాదు. మైకు పెట్టి పొరుగువాడు కొలిచే దేవుణ్ణి నిందించడం ధైర్యం కాదు. ఎదురుగా ఉన్న తన గుంపు చప్పట్లు కొడుతుందని తెలిసి మాట్లాడినవాడు కూడా నలుగురికి లొంగినవాడే. ఆ నలుగురు వేరు, అంతే. ఒకే క్రీస్తు పేరు చెప్పుకుంటూ మాలవారికొక గుడి, మాదిగవారికొక గుడి కట్టుకొని, పెళ్ళిసంబంధం మాట వచ్చేసరికి పైకులాలనుండి వచ్చినవారు వేరుగా కూర్చుంటే, అది అంతియొకయ పంక్తి కాక మరేమిటి? ఏసుక్రీస్తు రక్తం గురించి గంటసేపు ప్రసంగించి, వియ్యం దగ్గర మాత్రం వేరే రక్తం చూచుకునేవాణ్ణి నిలదీసే పౌలు ఈనాడు ఏడి?

అలాగని భయపడే ప్రతివాణ్ణీ పిరికివాడనడం కూడా అన్యాయమే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మొదట హిందువులకే ఉండేది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. క్రైస్తవులకు వర్తించదు. మారినవారిని మన రాష్ట్రంలో బి.సి.-సి వర్గంలో చేర్చారు. అందువల్ల కాగితంలో ఒక మతం, ఆదివారం ఒక మతంగా బ్రతికే పేదలు ఎందరో ఉన్నారు. ఊరు వాళ్ళను చూచే చూపు మతం మారినందున మారలేదు, హోదా మాత్రం మారింది. పిల్లవాడి చదువుకోసం పేరు దాచుకున్న తల్లిని వేలెత్తి చూపే అర్హత, పరువుకోసం తండ్రిని దాచుకున్న నాకు లేదు.

ఇక నా శిష్యునికి సమాధానం.

నాయనా, క్యాంటీనులో కళ్ళు మూసుకోలేకపోయినందుకు నీకు విశ్వాసం లేదనుకోకు. నలుగురికి కనబడాలని వీధుల్లో నిలిచి చేసే ప్రార్థనను యేసే మెచ్చుకోలేదు, గదిలో తలుపు వేసుకొని చేసుకొమ్మన్నాడు. కాబట్టి నీ పరీక్ష కనురెప్పల దగ్గర లేదు. ఎవరైనా నీవెవరని అడిగితే, నీ దేవుణ్ణి, నీ పేటను, నీ అమ్మానాన్నలను దాచకుండా చెప్పు. అడగకపోతే చాటింపు వేయనక్కర లేదు. నీకోసం నలుగురు నీవారిని సంపాదించుకో, ఒంటరిగా వీరుడివి కాబోకు. అన్నిటికంటె ముఖ్యం, ఆ క్యాంటీనులో తలెత్తి చూడు. కులంవల్లనో, మతంవల్లనో, ఇంగ్లీషు రాకనో, ఊడ్చే పని చేసేవాడు కావడంవల్లనో ఎవరో ఒకరు మూలన ఒంటరిగా తింటూ ఉంటారు. నీ పళ్ళెం తీసుకొని వెళ్ళి ఆ బల్ల దగ్గర కూర్చో. నీ చెయ్యి వణకవచ్చు, వణకనీ. నలుగురు ఏమనుకుంటారో అని చూసే కన్ను, పక్కన కూర్చున్న ఒక్కరివైపు తిరిగితే, ఆ నలుగురూ మెల్లగా మసకబారతారు. భయం పూర్తిగా పోతుందని నేను హామీ ఇవ్వలేను. పేతురుకే పోలేదు. కాని అది నీ పీటమీద కూర్చుని నీకు ఆజ్ఞలు ఇవ్వడం మానివేస్తుంది.

ఇప్పటికీ అన్నం ముందు ప్రార్థన చేసేటప్పుడు నేను కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. మా ఇంట్లో వాళ్ళు, "అన్నం చల్లారిపోతోంది" అంటారు. చల్లారనివ్వండి అంటాను. అటువంటి చల్లని అన్నం ఒకప్పుడు నా కడుపు నింపింది.

 పెద్దలు తప్పులు చూపితే దిద్దుకుంటాను. సెలవు.